వాగన్ఆర్ డిక్కీలో పనిముట్లకు అరలు చేయించాలి, ఆదివారం మొత్తం తీసేసేలా ఉండాలి

స్టార్టర్ డబ్బా, దేవరకొండ:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ పక్కన పల్లె. బోరు మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు బాగు చేస్తాను. పదకొండేళ్లు బైకుకే సంచులు కట్టుకుని తిరిగాను, నిరుడు దసరాకు సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ వాగన్ఆర్ తీసుకున్నాను. కొండమల్లేపల్లి, చింతపల్లి, మర్రిగూడ, ఇటు డిండి దాకా పోతుంటాను. బత్తాయి తోటల వాళ్లు ఎండాకాలంలో ఫోన్ చేస్తే ఆలస్యం చేయలేం, పిందె మీదున్న చెట్టుకు నీళ్లు అందకపోతే రాలిపోతుంది, రైతు గట్టు మీద నిలబడి మన కారు కోసమే చూస్తుంటాడు.

నా బాధంతా డిక్కీతోనే. ఒకటే గుంత, అన్నీ అందులోనే. 18 అంగుళాల పైపు రెంచి, స్పానర్లు, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, వైర్ల ఇన్సులేషన్ చూసే మెగ్గరు, ఫ్లాట్ కేబుల్ చుట్టలు, స్టార్టర్లో వేసే కాంటాక్టర్లు, రిలేలు, కెపాసిటర్లు, రబ్బరు టేపులు, నైలాన్ తాడు, పీవీసీ పైపుల గమ్ము, వాషర్ల డబ్బాలు. పొద్దున సర్ది పెట్టిందంతా నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి కలిసిపోతుంది. మొన్న మర్రిగూడ వైపు ఒక తోటలో రాత్రి ఎనిమిదిన్నరకు, సెల్లు లైటు పళ్ల మధ్య పట్టుకుని, రిలేకు పట్టే ఒక్క స్క్రూ కోసం డిక్కీలో ఉన్నదంతా గట్టు మీద దించాను. అంతకు ముందు వారం పైపు రెంచి పొర్లి మెగ్గరు మీద పడింది, అద్దం పగిలి ముల్లు వంగింది. ఆ మెగ్గరు మా గురువు నాకు ఇచ్చి పోయింది, కొత్తది కొనొచ్చు గానీ అది వేరే సంగతి.

ఇంకో చిక్కు ఏమిటంటే కారు ఇంటి కారు కూడా. అమ్మను నెలకోసారి నల్గొండ ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఆమె వాకర్ మడిచి డిక్కీలోనే పెట్టాలి. ఆదివారం పిల్లలు, పెళ్లిళ్లు, సామాను. అప్పుడు పనిముట్లన్నీ వరండాలో కుప్ప పోసి మళ్లీ సోమవారం పొద్దున ఎక్కించాలి, అరగంట పోతుంది, ఏదో ఒకటి ఇంట్లోనే మర్చిపోతాను.

ఊళ్లో తలుపులు, మంచాలు చేసే వడ్రంగిని అడిగితే 18 ఎంఎం ప్లైవుడ్‌తో కొట్టిస్తా, ఎన్నేళ్లయినా కదలదు అంటున్నాడు. వెల్డింగ్ షాపులో అడిగితే ఇనుప యాంగిల్‌తో ఫ్రేము చేసి కింద బోల్టులు బిగిస్తామంటున్నారు. నాకేమో డ్రాయర్లు లాగితే వచ్చేలా ఉంటే బాగుండనిపిస్తోంది. కిందున్న స్టెప్నీ తీయడానికి రావాలి, గతుకుల రోడ్ల మీద లొడలొడ చప్పుడు ఉండొద్దు, ఖర్చు ఐదారు వేలు దాటొద్దు. చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు చెప్పండి.

పాలమూరు వడ్రంగి:

తమ్ముడూ, 18 ఎంఎం మాట మర్చిపో. మీ ఊరి మేస్త్రి తలుపుల లెక్కలో చెప్పాడు, కారు లెక్క వేరు. ఎనిమిది అడుగులు నాలుగు అడుగుల 18 ఎంఎం షీటు ఇంచుమించు 35 కిలోలు తూగుతుంది, అదే 12 ఎంఎం 23 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నీ డిక్కీకి సరిపడే డబ్బా 12లో చేస్తే ఉత్త డబ్బా 13 కిలోలు, 18లో చేస్తే 19, 20. ఆ బరువును నువ్వు వారానికోసారి దించాలి, పెట్రోలు పోసి రోజూ మోయాలి. కిందికి, చుట్టూ గోడలకు 12 ఎంఎం, లోపలి అడ్డగోడలకు 6 ఎంఎం చాలు. పైపు రెంచి లాంటివి పెట్టే అర ఒక్కదానికి 9 వేసుకో.

ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడు. ఐఎస్ 303 అని ఉండి ఎంఆర్ అని రాసుంటే అది ఇంట్లో పొడిగా ఉండే పనికి. ఐఎస్ 710 అని ఉన్నది నీళ్లకు ఆగే రకం, మా దగ్గర మెరైన్ ప్లై అంటాం. అడుగు పలక ఒక్కటైనా 710 వేసుకో, ఎందుకంటే నీ పనిలో బురద పైపులు, తడి తాడు ఆ డిక్కీలోకే వస్తాయి. చవగ్గా వస్తుందని ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) జోలికి పోకు, తడి తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది.

ఇక అసలు విషయం కొలత. మనవాళ్లు ఎక్కువమంది టేపు పెట్టి పొడవు వెడల్పు చూసి కోయించేస్తారు, తీరా చూస్తే డబ్బా డిక్కీ నోట్లోంచి లోపలికి పోదు. లోపల వెడల్పు ఉంటుంది గానీ తలుపు నోరు దానికన్నా ఇరుకు. రెండు పక్కలా చక్రాల గూళ్లు ఉబ్బి ఉంటాయి. వెనక సీటు వాలు ఉంటుంది కాబట్టి కింద ఉన్నంత లోతు పైన ఉండదు. అందుకని ముందు ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి తెచ్చుకో. దాన్ని కోసి డిక్కీలో పెట్టి, ఉబ్బు ఎక్కడ తగిలితే అక్కడ కొంచెం కొంచెం కోసుకుంటూ పో. అట్ట సరిగ్గా కూర్చున్నాక దాన్నే ప్లైవుడ్ మీద పరిచి గీత గీసుకోవాలి, అన్ని పక్కలా ఒక సెంటీమీటరు తక్కువ పెట్టాలి. ఆ సెంటీమీటరు లేకపోతే చప్పుడు రాకుండా బయట పట్టీలు అతికించాక డబ్బా ఇరుక్కుంటుంది.

డబ్బా ఒకటి కాదు, రెండు చెయ్యి. నడిమికి రెండు ముక్కలు. ఒక్కొక్కటి ఆరేడు కిలోలు ఉంటుంది, ఒక మనిషి రెండు చేతులతో ఎత్తేయొచ్చు, డిక్కీ నోట్లోంచి కూడా సులువుగా వస్తుంది. పంచరైతే ఒక ముక్క పక్కన పెట్టి రెండోది ఎత్తితే స్టెప్నీ మూత తెరుచుకుంటుంది. జాకీ, వీల్ స్పానర్ మాత్రం ఆ మూత కింద వదిలేయకు, పైకి తెచ్చి ఒక పక్క అరలో పెట్టుకో.

లోపలి అడ్డగోడలకు మేకు కొట్టొద్దు, గమ్ము పూయొద్దు. ఒక పలకకు పై నుంచి సగం దాకా గాడి, రెండో పలకకు కింద నుంచి సగం దాకా గాడి, రెండూ ఒకదాంట్లో ఒకటి దిగుతాయి, గుడ్ల అట్టపెట్టెలో ఉండే అడ్డాల్లాగా. గాడి వెడల్పు పలక మందం కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే ఊగుతుంది. ఆరు నెలలు పోయాక నీకు కేబుళ్ల అర పెద్దది కావాలనిపిస్తే ఒక పలక పీకి పక్కకు జరుపుకోవచ్చు. మూలల్లో మాత్రం 12 ఎంఎం పలక అంచులోకి నేరుగా స్క్రూ ఎక్కిస్తే పొరలు విడిపోతాయి, లోపల అంగుళం టేకు రీపరు (సన్న చెక్క పట్టీ) నిలబెట్టి దానికి రెండు వైపుల నుంచి బిగించాలి, ముందు సన్న డ్రిల్లు బిట్టుతో దారి చేసుకుని.

డ్రాయర్ల గురించి నా మాట, వద్దు. చానెళ్లు రెండు పక్కలా అరంగుళం చొప్పున తింటాయి, రెండు డ్రాయర్లు పెడితే రెండంగుళాలు పోతాయి. మన మట్టి రోడ్ల దుమ్ము ఆ బాల్ బేరింగుల్లోకి పోయిందంటే ఇక లాగితే రాదు. దాని బదులు అరల్లోకి దిగే చిన్న డబ్బాలు, పిడి ఉన్నవి పెట్టుకో. తోటలో కారు ఒకచోట ఉంటుంది, స్టార్టర్ ఇంకో చోట ఉంటుంది కదా, డ్రాయర్‌ను గట్టు దాకా తీసుకుపోలేవు, డబ్బానైతే చేత్తో పట్టుకుపోతావు.

జడ్చర్ల డ్రైవర్:

వడ్రంగన్న చెప్పింది బాగుంది గానీ డ్రాయర్ల విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోను. నా బొలేరోలో మూడేళ్లుగా రెండు డ్రాయర్లు ఉన్నాయి, నెలకోసారి ఎయిర్ కొట్టించి గుడ్డతో తుడుస్తాను, బానే నడుస్తున్నాయి. కాకపోతే అది పెద్ద బండి, ఇంటివాళ్లు ఎక్కరు, తీయాల్సిన పని లేదు. వాగన్ఆర్‌లో వారానికోసారి తీయాలంటే మాత్రం ఆయన మాటే వినండి.

నేను చెప్పాలనుకున్నది వేరే. డబ్బా ఎంత బాగా చేసినా దాన్ని దేనికి కట్టారన్నది చూడాలి. సెడాన్ కార్లలో డిక్కీకి సీట్లకు మధ్య గోడలాంటిది ఉంటుంది, వాగన్ఆర్ లాంటి కార్లలో సీటు వీపు తప్ప మధ్యలో ఏమీ ఉండదు. బొలేరోకు ముందు నా దగ్గర చిన్న కారు ఉండేది. భూత్పూర్ దాటాక హైవే మీద పొద్దున్నే బర్రెల మంద అడ్డమొచ్చింది, బ్రేకు మీద నిలబడ్డాను. ఇనుప టూల్ బాక్సు వెనక సీటు మీదుగా ఎగిరి నా పక్క సీటు తలగడకు తగిలి కింద పడింది. తలగడ కడ్డీ వంగిపోయింది. అంతకు గంట ముందే మా బామ్మర్దిని జడ్చర్లలో దించాను, అతను కూర్చున్నది ఆ సీట్లోనే. ఆ రోజు బండి పక్కకు తీసి చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

అది ఉత్త బ్రేకే. గుద్దుకుంటే ఏమవుతుందో లెక్క వేసుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేనికైనా తగిలి ముందు భాగం నలుగుతూ 60 సెంటీమీటర్లలో ఆగిపోయిందనుకుందాం, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు ఇంచుమించు 16 రెట్ల బలంతో ముందుకు తోస్తుంది. 15 కిలోల స్పానర్ల డబ్బా 240 కిలోలై వస్తుంది. ముందున్నది మీ అమ్మ, మీ పిల్లలు.

అందుకని బరువైనవి అన్నీ అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టండి, తలుపు వైపు కాదు. పైపు రెంచి అడ్డంగా, కారు వెడల్పు దిశలో పడుకోబెట్టండి, కారు పొడవు దిశలో పెడితే ఈటెలాగా సీటులోంచి వస్తుంది. రెండు డబ్బాలనూ కలిపి లారీలకు కట్టే చిన్న రాట్చెట్ బెల్టుతో బిగించి, కంపెనీ ఇచ్చిన కొక్కేలు ఉంటే వాటికి కట్టండి. సీటు బెల్టు బిగించిన బోల్టులను మాత్రం ముట్టుకోవద్దు. సామాను ఎత్తు సీటు వీపు దాటొద్దు. సామాను ఉన్నప్పుడు వెనక సీటు మడవొద్దు.

ఇంకొకటి, నువ్వు పీవీసీ గమ్ము అన్నావు. అది మంటకు అందుకునే సరుకు. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు ఉంటుంది, ఎండలో అద్దాలు మూసి పెట్టిన కారులో 60 దాటుతుంది. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని అచ్చేసి ఉంటుంది. పైగా మీ కారులో డిక్కీ గాలి, మనుషులు పీల్చే గాలి ఒకటే, మూత సరిగా లేని గమ్ము డబ్బా ఉంటే పిల్లలకు తలనొప్పి వస్తుంది. ఆ డబ్బా పని ఉన్న రోజే పెట్టుకుని సాయంత్రం ఇంట్లో నీడకు దించేయి.

నారాయణపేట చీరలు:

నాది చీరల వ్యాపారం, నారాయణపేట, గద్వాల నుంచి తీసుకుని మహబూబ్‌నగర్, హైదరాబాద్ ఎగ్జిబిషన్లకు పోతాను. మీ పనిముట్లకు నా చీరలకు పోలిక లేకపోయినా డిక్కీతో నేను నాలుగేళ్లుగా పడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

తమ్ముడూ, ప్లైవుడ్ కొనే ముందు ఒక నెల మార్కెట్ ట్రేలతో నడిపి చూడు. టమాటాలు వచ్చే ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి కదా, ఎక్కువగా 54 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 29, 30 ఎత్తు ఉంటాయి, పాతవి తక్కువకే దొరుకుతాయి. ఒక రెండు, మూడు పెట్టుకుని ఏది ఏ ట్రేలో వేస్తే చేతికి తొందరగా దొరుకుతుందో రోజూ చూసుకో. నేను మొదట ఎవరినీ అడగకుండా తొమ్మిది అరల డబ్బా చేయించాను, ఐదు వేలు పోశాను. నెల తిరిగేసరికి తెలిసింది, నాకు కావాల్సింది తొమ్మిది చిన్న అరలు కాదు, మూడు పెద్దవి, బిల్లు బుక్కుకు ఒక సన్నది. ఇప్పుడు ఆ డబ్బాలో మా అమ్మ పప్పులు పోసుకుంటోంది.

రెండోది నీళ్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, తడి తగిలితే రెండూ రెండు రకాలుగా లాక్కుంటాయి, ఆ అతుకు దగ్గర ముడత పడితే ఇస్త్రీకి కూడా పోదు. ఒక వానాకాలం నా డిక్కీలో అడుగు మూట మొత్తం చెమ్మ పట్టింది. కారణం డిక్కీ తలుపు రబ్బరు ఒక మూల చీలి ఉంది, పైకి కనపడదు. డబ్బా చేయించే ముందు ఇది చూసుకోండి, డిక్కీలో పొడి న్యూస్ పేపర్లు అడుగంతా పరిచి తలుపు వేసి, పైపుతో పది నిమిషాలు తలుపు చుట్టూ నీళ్లు కొట్టండి, తెరిచి ఏ పేపరు తడిసిందో చూడండి. రబ్బరు మార్చాకే ప్లైవుడ్ పెట్టండి. డబ్బా అడుగున రెండు రీపర్లు వేసి అరంగుళం పైకి లేపితే కింద గాలి ఆడుతుంది.

సెడాన్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డిక్కీ మూతను మోసే వంకర కడ్డీలు రెండు పక్కలా లోపలికి దిగుతాయి, అవి దిగే చోటు వదిలేసి కొలత తీసుకోండి. నా ఒక పెట్టె మూలను అవే నలిపేశాయి.

స్టార్టర్ డబ్బా, దేవరకొండ:

అన్నా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. డ్రైవరన్నా, మీరు చెప్పింది చదివాక మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, అదే రోజు పైపు రెంచిని బెల్టుతో కట్టేశాను. ఇన్నాళ్లూ సామాను పాడవుతోందనే టెన్షన్ తప్ప అది మనుషుల మీదికి వస్తుందని నాకు తట్టలేదు.

అక్క చెప్పినట్టు న్యూస్ పేపర్లు పరిచి చూశాను. ఎడమ పక్క కింది మూలలో అరచేయంత తడి వచ్చింది. మెకానిక్ రబ్బరు తీసి చూస్తే అంచు మీద మట్టి పేరుకుని రబ్బరు సరిగా కూర్చోలేదు, కడిగి మళ్లీ ఎక్కిస్తే ఆగిపోయింది.

అట్ట కొలత కూడా తీశాను. నా కారులో చక్రాల గూళ్ల మధ్య 97 సెంటీమీటర్లు, లోతు అడుగున 54, సీటు పై అంచు దగ్గర 44. మరి వెల్డింగ్ షాపు వాళ్లు ఇప్పటికీ బోల్టుల ఫ్రేమే గట్టిదంటున్నారు, దాని సంగతి ఎవరైనా చెప్పండి. ఆర్టీఏ వాళ్లు ఏమైనా అంటారా? ఇంకా, చప్పుడు పోవడానికి ఏం వేయాలి?

మిర్యాలగూడ వెల్డింగ్:

నాది ఇనుము పనే, రైస్ మిల్లులకు ఎలివేటర్లు, హాపర్లు చేస్తాం. కాబట్టి నా మాట నమ్ము, కారు నేలకు బోల్టు పెట్టించొద్దు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది, బ్రేకు పైపులు, వైర్లు ఆ పక్కనుంచే పోతాయి. డ్రిల్లు బిట్టు ఒక అంగుళం ఎక్కువ దిగితే ఏం తగులుతుందో పైనున్నవాడికి కనపడదు. కంపెనీ నేలకు తుప్పు పట్టకుండా వేసిన పూత రంధ్రం పడిన చోట పోతుంది, రెండు వానాకాలాల్లో ఆ చుట్టూ తుప్పు మొదలవుతుంది. కారులోనే వెల్డింగ్ చేస్తామంటే అసలు ఒప్పుకోవద్దు, లోపలున్న ఫెల్టు, ఫోమ్ నిప్పురవ్వకు అందుకుంటాయి, ఆ కరెంటుకు ఇంజన్ కంప్యూటర్ పోయే ప్రమాదం ఉంది. ఇనుప యాంగిల్ డబ్బా బరువు ఎలాగూ ప్లైవుడ్‌కు రెట్టింపు పైనే ఉంటుంది.

ఆర్టీఏ సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దని దాని సారం, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అరలు ఇరుకని వెనక సీటు పీకేశావనుకో, ఆర్సీలో సీట్ల సంఖ్య ఒకటి, బండిలో ఇంకొకటి అవుతుంది, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర కూడా నువ్వే సంజాయిషీ ఇచ్చుకోవాలి. పెట్టి తీసే చెక్క డబ్బా సామాను కిందికే వస్తుంది, బండిలో భాగం కాదు. సీటు పీకకు, నేల తొలవకు, అంతే.

వెనక బరువు పెరిగింది కాబట్టి డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద టైరు గాలి స్టిక్కరు ఉంటుంది, అందులో ఫుల్ లోడుకు వెనక చక్రాల గాలి విడిగా రాసి ఉంటే దాని ప్రకారం కొట్టించుకో.

పాలమూరు వడ్రంగి:

చప్పుడు రెండు చోట్ల పుడుతుంది, డబ్బా కారుకు కొట్టుకునే చోట, సామాను డబ్బాకు కొట్టుకునే చోట. మొదటిదానికి బయట అడుగున, పక్కలకు పాత సైకిల్ ట్యూబు కోసి పట్టీలుగా అతికించు, జారకుండా కూడా పట్టుకుంటుంది. లోపలికి ఫెల్ట్ కార్పెట్ వెయ్యి. అతికించే గమ్ము వేడికి ఆగే రకం అడిగి తీసుకో, గన్నుతో కరిగించి పెట్టే కడ్డీ గమ్ము మన ఎండకు మెత్తబడి ఊడొస్తుంది. నువ్వు పెట్టిన కొలతకు వెనక గోడను సీటు వాలుకు సరిగ్గా కోయించు, నిటారుగా పెడితే సీటుకు డబ్బాకు మధ్య మూడు వేళ్ల సందు మిగిలి సామానంతా బ్రేకు వేసినప్పుడల్లా ఆ సందు మీదికి గుద్దుకుంటుంది. కోసిన అంచులన్నీ సాండ్ పేపరుతో రుద్ది రెండు కోట్లు ప్రైమర్ కొట్టాలి, ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల్లోంచే.

స్టార్టర్ డబ్బా, దేవరకొండ:

ఐదు వారాలైంది, చేయించాను కాబట్టి రాస్తున్నాను, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

మూడు వారాలు ట్రేలతోనే తిరిగాను. నేను మొదట కేబుళ్లకు పెద్ద అర, స్పేర్ పార్టులకు చిన్న అరలు అనుకున్నాను. తిరిగి చూస్తే తెలిసింది ఏమిటంటే నేను సామాను రకాన్ని బట్టి కాదు, పనిని బట్టి వెతుకుతున్నాను. స్టార్టర్ పని అంటే క్లాంప్ మీటరు, చిన్న స్క్రూడ్రైవర్లు, రిలే, కాంటాక్టరు, ఎమరీ పేపరు అన్నీ ఒకేసారి కావాలి. మోటారు పైకి తీసే పని అంటే రెంచి, తాడు, క్లాంపులు. కేబుల్ జాయింటు అంటే కట్టర్, రబ్బరు టేపు, మెగ్గరు. అందుకని మూడు పనులకు మూడు పిడి డబ్బాలు చేసుకున్నాను, తోటలోకి దిగేటప్పుడు ఏ పనైతే ఆ డబ్బా ఒక్కటే పట్టుకుపోతున్నాను. ఇంతకు ముందు గట్టు నుంచి కారుకు నాలుగైదుసార్లు తిరిగేవాణ్ని.

వడ్రంగన్న చెప్పినట్టే రెండు ముక్కలు. కుడి ముక్కలో సీటు వీపుకు ఆనించి పైపు రెంచి, స్పానర్లు, వాటికి 9 ఎంఎం గోడ. ఎడమ ముక్కలో మూడు పిడి డబ్బాలు, మూలలో జాకీ, వీల్ స్పానర్. మా ఊరి మేస్త్రికి ఈ పేజీలో ఉన్నదంతా చదివి వినిపించాను, మొదట 12 నిలబడదన్నాడు, గాడి కోసి రెండు పలకలు దింపి చూశాక దాని మీద తనే ఎక్కి నిలబడ్డాడు. మెరైన్ ప్లై సగం షీటు, 6 ఎంఎం సగం, ఫెల్టు, గమ్ము, స్క్రూలు, రెండు బెల్టులు, ఆయన ఒకటిన్నర రోజు కూలి కలిపి 4,800 అయ్యింది.

మెగ్గరుకు మాత్రం విడిగా చేయించాను. పాత దుప్పటి రెండు మడతలు వేసి కుట్టించిన సంచి, అది దిగేంత చిన్న అర, పైన పలక మూతకు రెండు మడతబందులు. ముల్లును హైదరాబాద్‌లో మీటర్లు బాగు చేసే ఒక పెద్దాయన సరిచేసి ఇచ్చాడు. అద్దం కొత్తది. వెనక మా గురువు ఉలితో గీసిన రెండక్షరాలు అలాగే ఉన్నాయి.

పోయిన ఆదివారం లెక్క చూశాను, మూడు డబ్బాలు, రెండు ముక్కలు దించి వరండాలో పెట్టడానికి ఆరు నిమిషాలు. వాకర్ పెట్టుకుని అమ్మను నల్గొండ తీసుకుపోయాం. సోమవారం ఎక్కించడానికి కూడా అంతే, ఏదీ మర్చిపోలేదు, ఎందుకంటే ఏ అర ఖాళీగా ఉంటే అది కళ్లకు కనపడుతుంది.

ఒక్క లోపం మిగిలింది. వాషర్లు, నట్ల సీసాలు మూడో డబ్బాలో ఇంకా గలగలమంటున్నాయి, ఫెల్టు వేసినా ఆగలేదు. డిండి రోడ్డు మీద ఆ చప్పుడే వినపడుతుంది. వడ్రంగన్నా, సీసాలు దిగేలా చెక్కలో గుండ్రటి రంధ్రాలు తీయిస్తే ఆగుతుందా, లేక మందంగా ఫోమ్ షీటు కోసి పెట్టాలా? సీసా అడుగు కొలత 62 మిల్లీమీటర్లు, మొత్తం ఎనిమిది సీసాలు.